ఫ్యాన్ లేని కంప్యూటర్

మా మొదటి కంప్యూటర్ కారం తిని చచ్చిపోయింది. నవ్వకండి. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో మా ఊళ్లో గాలికి కూడా ఘాటుంటుంది. ఆ పెద్ద డబ్బాలో ఫ్యాన్ తిరిగినంతసేపూ ఆ గాలినే లోపలికి లాక్కుంది. ఒంగోలులో రిపేరు చేసే అతను మూత తీసి, వరసగా తుమ్మి, ఇందులో కారం పట్టించారా మేడమ్ అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. కానీ అతను ఆ తర్వాత చెప్పింది నిజమే. మిర్చి పండే ఊళ్లో ఫ్యాన్ ఉన్న కంప్యూటర్ ఎక్కువ కాలం బతకదు.

నేను చీరాలలో మరమగ్గాల మధ్య పెరిగినదాన్ని. దర్శి దగ్గరున్న ఈ ఊరికి కోడలిగా వచ్చాక నాకంటూ మిగిలింది ఒక్కటే, ఇంట్లో కూర్చుని చేసే టైపింగ్ ఉద్యోగం. ఎక్కడో దేశంకాని దేశంలో డాక్టర్లు స్కానింగులు చూసి ఇంగ్లీషులో చెప్పిన మాటలు రికార్డయి వస్తాయి. అవి విని రిపోర్టు తయారుచేసి పంపాలి. ఆ ఉద్యోగం తీసేస్తే ఇక వంట, గొడ్లు, కల్లం. అవి తక్కువ పనులని నేను అనను. అవి నావి కావు, అంతే.

అందుకే రెండో కంప్యూటర్‌ని పెళ్లి సంబంధం చూసినట్టు చూశాను. ఫ్యాన్ ఉండకూడదు, అది మొదటి మాట. పైనంతా అల్యూమినియం రెక్కలుండి, లోపలి వేడి ఆ రెక్కల మీదుగానే బయటికి పోవాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ బ్యాటరీ మీద నడవాలి కాబట్టి పన్నెండు వోల్టులకి పనిచేసేది కావాలి. తర్వాత మెమరీ పెంచుకునే వీలుండాలి. ల్యాప్‌టాప్ కొనుక్కోక ఎందుకీ తంటా అని మా ఆయన విసుక్కున్నాడు. దానికీ లోపల ఫ్యాన్ ఉంటుందని చెప్తే వినడే. చివరికి ఆన్‌లైన్లో తెప్పించాను. అట్టపెట్టె విప్పితే సద్ది గిన్నంత ఉంది. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, మిగతాది వెనకాల లారీలో వస్తుందా అన్నాడు.

దుమ్ము తక్కువని దాన్ని నడింట్లో అలమరలో పెట్టాను, మా అత్తయ్య పచ్చడి జాడీల పక్కన. పనిచేస్తుంటే ఇసుమంత చప్పుడు లేదు. ముందువైపు చిన్న నీలం లైటు, చెయ్యి పెడితే తెలిసే వెచ్చదనం, అంతే. కరెంటు పోయి ఊరంతా ఉసూరుమంటుంటే నేను మాత్రం టకటకా కొట్టుకుంటూ పోయేదాన్ని. మా అత్తయ్యకి నా పనేమిటో సరిగ్గా తెలియదు. అయినా కల్లంలో కూలీలతో, మా కోడలు పెద్ద డాక్టర్లకి రాసిపెడుతుందని గొప్పగా చెప్పేది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చాలు, ఇంట్లో ఎవర్నీ నోరెత్తనిచ్చేది కాదు.

ఆ ఏడాది పని తీరు మారింది. డాక్టర్ల మాటల్ని సాఫ్ట్‌వేరే టైపు చేసేది, నేను తప్పులు దిద్దితే చాలన్నారు. మొదట్లో దిద్దడానికి చేతినిండా ఉండేవి. కుడి కిడ్నీని ఎడమ కిడ్నీ అని రాసేది, దానికి సిగ్గెక్కడిది. కానీ నేను దిద్దేకొద్దీ అది నేర్చుకుంటోంది. తప్పులు తగ్గుతున్నకొద్దీ నాకు భయం పెరిగింది. దాని చెయ్యి పట్టుకుని దిద్దిస్తున్నది నేనే. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మళ్లీ మిర్చి కోతలొచ్చాయి. చీరాలలో మా అన్నయ్య కొడుక్కి అన్నప్రాసన అంటే వెళ్లాను. కంప్యూటర్‌లో ఏదో పెద్ద అప్‌డేట్ నడుస్తుంటే ఆపకుండా వదిలేశాను. నేను ఊళ్లో లేని ఆ ఒక్క రోజే మిరపకాయలు టిక్కీల్లోకి, పెద్ద గోనె బస్తాల్లోకి, తొక్కారు. దుమ్ము ఇంట్లోకి కమ్ముకొచ్చింది. మా అత్తయ్య అలమరలో జాడీలు చూసుకుంది, పక్కనే నా పెట్టె చూసింది. చప్పుడు లేదు కాబట్టి ఆపి ఉందనుకుంది. పాత నేతచీర చింపి, మడతలు పెట్టి దాని చుట్టూ చుట్టి, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు తాడుతో గట్టిగా బిగించింది.

నేను తిరిగొచ్చి విప్పేసరికి చెయ్యి కాలింది. నీలం లైటు లేదు. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా లేవలేదు. ఒంగోలు తీసుకెళ్తే ఆ రిపేరు అతను ఈసారి వేళాకోళం ఆడలేదు. చిన్న పెట్టెల్లో మెమరీ తప్ప అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయనీ, బోర్డు పోతే ఇక ఏ ముక్కా మార్చడానికి ఉండదనీ నెమ్మదిగా చెప్పాడు. ఎక్కువ కాలం బతుకుతుంది కదా అని నేను ఏరికోరి తెచ్చుకున్నదాని సంగతి అది.

మా అత్తయ్య రెండు పూటలా అన్నం ముట్టలేదు. "దుమ్ము పడుద్దని కట్టానే అమ్మాయ్. నీ పేణమంతా దాంట్లోనే ఉందిగదా అని," అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి నిజంగా ప్రయత్నించాను. రాలేదు.

కంప్యూటర్ పాడైంది, కొన్నాళ్లు సెలవు కావాలని ఆఫీసుకి ఫోన్లోంచే రాశాను. జవాబు మర్నాడే వచ్చింది. తొందరేమీ లేదట. ఇక సాఫ్ట్‌వేర్ రాసినదాన్ని డాక్టర్లే చూసుకుంటారట, మా జట్టు మొత్తాన్ని ఈ నెలాఖరుకి తీసేస్తున్నారట. ఇన్నేళ్లు చేసినందుకు కృతజ్ఞతలు చెప్పి, కింద ఒక పువ్వు బొమ్మ పెట్టారు. ఆ పువ్వు చూసి ఏడ్చాను.

మా అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. పెట్టె బాగున్నా ఉద్యోగం పోయేదే, నీ తప్పు గోరంత కూడా లేదన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "మిషను డాక్టరు మాట విని రాసుద్దంటే నేను నమ్మాలా? నా మనసు కష్టపెట్టకూడదని చెప్తున్నావ్," అంది. మా ఆయన చెప్పినా అంతే. మేమిద్దరం కూడబలుక్కున్నామనుకుంది.

నిజానికి ఆవిడ అనుకున్నదే నిజమైతే బాగుండునని నాకెన్నోసార్లు అనిపించింది. పెట్టె పోతే ఇంకో పెట్టె వస్తుంది. పదేళ్లు నేర్చుకున్న విద్య ఎవరికీ అక్కర్లేకుండా పోతే దాన్ని ఏ కొట్లో అడగాలి?

వేసవి మధ్యలో ఒక రోజు గొడ్ల చావిట్లో పెయ్య కనిపించలేదు. అమ్మేశానంది మా అత్తయ్య. వారం తిరక్కుండా పార్సిల్ వచ్చింది. అచ్చం అదే కంప్యూటర్. మా ఆయన చేత పట్టుబట్టి తెప్పించింది. ఆయన నావైపు చూడకుండా వైర్లు తగిలించి బయటికి వెళ్లిపోయాడు.

"ఇక చేసుకో తల్లీ. ఈసారి నేను దాని జోలికి రాను," అంది మా అత్తయ్య.

కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అందులో వినడానికేమీ లేదు. గుర్తున్న పాత రిపోర్టొకటి ఖాళీ పేజీ మీద కొట్టాను. ఊపిరితిత్తులు బాగున్నాయి, గుండె మామూలు సైజులోనే ఉంది. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంది. తర్వాత తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

మర్నాడు పొద్దున నేను చీపురు అందుకుంటే లాక్కుని, డ్యూటీకి టైమవుతోంది పొమ్మంది. వెళ్లి కూర్చున్నాను.