లోడు, ఖాళీ

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డంపడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, అది మాత్రం దిగదు. మీరెవరో నాకు తెలియదు. నన్ను ఎరగనివాళ్లు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను గోదావరిఖనిలో బొగ్గు బాయి వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ని. నాన్న పోయాక ఆయన బదులు కూతురినైన నాకొచ్చిన ఉద్యోగం. మా అక్క భర్త, అంటే మా బావ, బాయిలో హాలేజి ఇంజన్ నడిపేవాడు. బొగ్గు నిండిన టబ్బులను తాడుతో పైకి లాగడం, ఖాళీవి కిందికి వదలడం. ముందుగానే రిటైర్మెంటు తీసుకుని విమానం నడపడం నేర్చుకున్నాడు. నవ్వకండి. అందరూ నవ్వారు. ఆయన మాత్రం లైసెన్సు తెచ్చుకుని, ఎవరో వాడేసిన రెండు సీట్ల చిన్న విమానం కొని, ఊరవతల పాత రన్‌వే పక్కన రేకుల షెడ్డులో పెట్టుకున్నాడు.

దాని ప్రొపెల్లర్ పగుళ్లిచ్చింది. కొత్తది ఎంచుకోవాలి. నేలమీద ఉన్నప్పుడే బోల్టులు వదులు చేసి దాని రెక్కల వాలు సరిచేసుకునే రకం చాలన్నాడు బావ. నేనే ఒప్పుకోలేదు. గాలిలో ఉండగానే స్విచ్చుతో వాలు మార్చుకునే రకం తెప్పిద్దామన్నాను. వాలు తక్కువగా ఉంటే ఇంజన్ వేగంగా తిరిగి విమానం త్వరగా లేస్తుంది. పైకి చేరాక వాలు పెంచితే పెట్రోలు కలిసొస్తుంది. ఇదంతా నిజమే. కానీ ఊరి మీద కాసేపు తిరిగి దిగిపోయే మనిషికి అదెందుకు? ఎందుకంటే దానికి వైరింగు కావాలి, ఆ వైరింగు నేను చెయ్యాలి. వర్క్‌షాపులో నాకు ఫ్యూజులు మార్చే పని తప్ప ఏమీ ఇచ్చేవాళ్లు కాదు. ఆ కసి ఇక్కడ తీర్చుకున్నాను.

స్విచ్చుకు రెండు వైపులా ఉన్న ఇంగ్లిషు మాటలు బావకు నచ్చలేదు. మన బాయి మాటలు రాయమన్నాడు. వాలు పెరిగితే ఇంజన్ మీద బరువు పడుతుంది కదా అని ఆ వైపు 'లోడు' అనీ, రెండో వైపు 'ఖాళీ' అనీ కాగితం ముక్కల మీద రాసి అతికించాను. ఎలక్ట్రీషియన్ లెక్కలో అది సరైనదే. కానీ హాలేజి మనిషికి లోడు అంటే పైకి వచ్చేది, ఖాళీ అంటే కిందికి పోయేది. ఇది నాకు తెలియదా? మా నాన్నదీ హాలేజి పనే, ఈ మాటల మధ్యే పెరిగాను. అయినా తట్టలేదు. ఎప్పుడు ఏది వాడాలో బావకు విడమరిచి చెప్పనూ లేదు. మాట చూస్తేనే తెలిసిపోతుందనుకున్నాను.

కొత్తది బిగించాక మొదటి రోజు పొద్దున్నే బావ స్విచ్చును లోడు వైపు పెట్టి పరుగు మొదలుపెట్టాడు. ఇంజన్ మూలుగుతూ తిరిగింది. నాకు ఏదో తేడాగా అనిపించింది. ఆయనకు మాత్రం అది అలవాటైన మోతే, లోడు లాగుతున్న ఇంజన్ మోత. విమానం రన్‌వే చివరిదాకా లేవలేదు. అవతలి కందకంలో పడింది. పరిగెత్తుకెళ్లి బావను బయటికి లాగాను. స్పృహ లేదు. అంబులెన్స్ వచ్చేలోపు ఆ రెండు కాగితాలూ గీకి తీసేశాను. ఉండ చుట్టి జేబులో వేసుకున్నాను. అది బాగా గుర్తుంది.

మోకాలు నుజ్జయింది. తలకు కుట్లు పడ్డాయి. దవాఖానలో కళ్లు తెరిచాక నన్నే పిలిచాడు.

"లోడు మీదనే పెట్టిన గద పిల్లా. ఎందుకు లేవలే?"

"ఖాళీ మీద పెట్టి లేపాలె బావా. చెప్పిన గద నీకు."

"చెప్పినవా?"

"రెండుసార్లు చెప్పిన. నువ్వే మర్చిపోయినవ్."

"అయితే నాదే తప్పు. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు.

రెండుసార్లు అని ఎందుకన్నాను? చెప్పానంటే సరిపోయేది కదా? అబద్ధానికి అంత గట్టి మేకు కొట్టమని నన్నెవరడిగారు? విచారణకు వచ్చినవాళ్లతో కూడా బావ అదే చెప్పాడు, మరదలు చెప్పింది, నేనే మరిచానని. తాగి ఎక్కాడని కాలనీలో అనుకున్నారు. నేను కాదనలేదు.

కుంటి కాలును ఆయన పట్టించుకోలేదు. పోయింది వేరే. గ్యాసు బంద్ చేశానా అని లేచి లేచి చూస్తాడు. మందు వేసుకున్నానా అని అక్కను అడుగుతాడు. మనవరాలిని బడి నుంచి తీసుకురమ్మంటే, "నాతోని గాదు, దారిల పిల్లను ఏడనన్న మర్చిపోత" అంటాడు. అక్క ఆయనను డాక్టర్ల చుట్టూ తిప్పుతోంది. పరీక్షల్లో ఏమీ తేలడం లేదు. మొన్న ఇదంతా చెబుతూ నా ముందే ఏడ్చింది. నేను టీ తాగుతూ విన్నాను. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

నిజం చెబితే అక్క నన్ను గడప తొక్కనివ్వదు. చెప్పకపోవడానికి అసలు కారణం అదేనా? ఏమో. ఇన్నాళ్లూ అదే చెప్పుకున్నాను. ఇది రాసినంత మాత్రాన నా తప్పు తగ్గదు, ఊపిరి మాత్రం కాస్త ఆడుతుంది. ఆయనతో అనాల్సిన మాట మీతో అంటున్నాను.

మా బావకు మతిమరుపు లేదు. ఆయన ఏదీ మర్చిపోలేదు. నేను చెప్పనే లేదు.