దిష్టి గుమ్మడికాయతో అమెరికా విందు

ఇంటికొచ్చిన అతిథికి పరమాన్నం పెట్టినవాళ్ళున్నారు, పచ్చడి మెతుకులు పెట్టినవాళ్ళున్నారు. వీధి వీధంతటి దిష్టిని బెల్లంతో కలిపి, ముక్కలు కోసి పెట్టిన మహాతల్లిని మాత్రం బాన్సువాడ మొత్తానికి నేనొక్కదాన్నే. ఎలాగంటారా? చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి, మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఆపుకోవడం లేదు.

తొంభైల చివరి సంగతి. బాన్సువాడకు కోడలినై వచ్చి నాలుగు నెలలైంది. నిజామాబాద్‌లో బీఎస్సీ చదివానన్న గర్వం తలకెక్కి కూర్చున్న రోజులు. మా అత్తమ్మకేమో నా డిగ్రీ మీద కంటే తన పొయ్యి మీద నమ్మకం ఎక్కువ. ఉల్లిగడ్డలు కోయడం, ఎల్లిపాయలు ఒలవడం, అంతవరకే నా రాజ్యం. గరిటె పట్టుకున్నానో లేదో, "జర ఆగు బిడ్డా, నేను జూస్త" అని లాక్కునేది. ఒక్కసారి ఆ పొయ్యి నా చేతికొస్తే చాలు, నా ప్రతాపం చూపిస్తానని కాచుకొని కూర్చున్నాను.

అప్పుడే దగ్గర్లోని రుద్రూర్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో వరి వంగడాలు చూడడానికి లిండా అనే అమెరికా ఆమె వచ్చింది. మా ఆయనకు అక్కడ పరిచయమైంది. ఒకరోజు మా పొలం చూపించి, భోజనానికి ఇంటికి తీసుకొచ్చాడు. అత్తమ్మ చేసిన పచ్చిపులుసును ఆమె జుర్రుకుంటూ తాగుతుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు. నాకూ ఇంగ్లీషు వచ్చని తెలియొద్దూ?

"మీ దేశానికి పరాయి దేశంవాళ్ళు వస్తే ముందుగా ఏం రుచి చూపిస్తారు?" అని అడిగాను.

లిండా వేళ్ళు ముడుస్తూ చెబుతుంటే, నేను అత్తమ్మకు తెలుగులో అందించాను.

"మక్కపిండితోని రొట్టె చేస్తరట అత్తమ్మా."

"మక్కరొట్టెనా? అది మనం తినందా?"

"పల్లీలు మెత్తగ నూరి రొట్టెకు పూసుకుంటరట."

"పల్లి సట్ని. ఇంకేంది?"

"మక్కపేలాలు తింటరట."

"ఏందే, అమెరిక అమెరిక అంటరు! గిది మన జుక్కల్ దిక్కు ఊరు లెక్కనే ఉన్నది గద!"

మామయ్య పొలమారేలా నవ్వాడు. కానీ చివరి వంటకం దగ్గర అత్తమ్మ నవ్వు ఆగింది. గుమ్మడికాయ గుజ్జులో గుడ్లు, తీపి, దాల్చినచెక్క, లవంగాలు కలిపి, మైదారొట్టెలో పోసి కాలుస్తారట. దాన్ని 'పంప్‌కిన్ పై' అంటారట.

"గుమ్మడికాయల గుడ్లా? మల్ల దాంట్ల బగార మసాలనా?" అత్తమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "తియ్యగుంటదా, కారముంటదా? ఎట్లుంటదో జూడాలె గద."

ఇంకేం, నాకు రెక్కలొచ్చాయి. "వచ్చే ఆదివారం రండి, మా ఇంట్లోనే చేద్దాం" అని లిండాకు మాటిచ్చేశాను. అత్తమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది.

"సరే. గా పూట పొయ్యి నీదే. మంచిగ జేస్తివా, ఇగ రోజు నువ్వే వండు. కరాబు జేస్తివా, ఉల్లిగడ్డలు ఏడికి బోవు."

ఆదివారం పొద్దున్నే అత్తమ్మ నాట్లు చూసుకోవడానికి పొలానికి వెళ్ళింది. మా ఆయన గుమ్మడికాయ కోసం మార్కెట్‌కు వెళ్ళి ఖాళీ సంచితో వచ్చాడు.

"సొరకాయలున్నయి, బీరకాయలున్నయి. గుమ్మడికాయ లేదు. రేపు రమ్మన్నరు."

రేపటికి లిండా హైదరాబాద్ వెళ్ళిపోతుంది. నా పొయ్యి కూడా ఆమెతోపాటే వెళ్ళిపోతుంది. ఏడుపు మొహంతో గుమ్మంలో కూలబడి పైకి చూశాను. అక్కడ, నిమ్మకాయ, మిరపకాయల దండ పక్కనే ఉట్టిలో, పసుపు కుంకుమ పూసుకొని నిండుగా వేలాడుతోంది మా ఇంటి దిష్టి గుమ్మడికాయ. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు, పొయ్యి కోసం ఆరాటపడే కోడలు దిష్టి ఎరుగదు.

"ఇగో, గది దించు" అన్నాను మా ఆయనతో.

"పిచ్చి లేసిందా? అది దిష్టికి కట్టింది!"

"గుమ్మడికాయనా, కాదా?"

"బూడిద గుమ్మడికాయ!"

"బూడిదదో బంగారిదో ఆమెకేమెరుక? రేపు కొత్తది తెచ్చి గదే ఉట్టిల పెడితే అత్తమ్మకు గూడ ఎరుకగాదు."

పెళ్ళయి నాలుగు నెలలే కాబట్టి పాపం స్టూలెక్కి దించాడు. ఇప్పుడైతే స్టూలు నా చేతికే ఇచ్చేవాడు. ఆడవాళ్ళు గుమ్మడికాయను ముందుగా కోయకూడదంటారు కదా, అందుకని మొదటి గాటు కూడా ఆయనతోనే పెట్టించాను. చూశారా, ఆచారాల విషయంలో నేనెంత జాగ్రత్త మనిషినో!

అంతలో లిండా రానే వచ్చింది. చెక్కు మీది రంగులు చూసి ముచ్చటపడింది.

"ఈ పసుపు, ఎరుపు ఎందుకు?"

"మంచి కాయలకు మేం అలంకారం చేస్తాం."

"లోపల తెల్లగా ఉందేమిటి? మాది నారింజ రంగులో ఉంటుంది."

"ఇక్కడి నేల అలాంటిది."

ఆమె చదువంతా పంటల గురించేనన్న సంగతి నాకా క్షణాన గుర్తులేదు. మర్యాదస్తురాలు, తలూపి ఊరుకుంది. మా ఆయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరుగెత్తాడు.

గుజ్జు పిండితే నిజాంసాగర్ తూము ఎత్తినట్టు నీళ్ళు. గట్టిపడాలని ఇంకో రెండు గుడ్లు కొట్టాను, తీపికి బెల్లం, రంగుకు పసుపు వేశాను. పెద్ద గంజులో ఇసుక పోసి, దాంట్లో గిన్నె పెట్టి, మూత మీద బొగ్గులు వేశాం. లిండా ఆ ఇసుక పొయ్యి చుట్టూ నాలుగువైపుల నుంచీ వంగి చూసింది. మసాలా వాసనకు మామయ్య లేచొచ్చాడు.

"బగారన్నం వాసనొస్తున్నది. కోడికూర ఏదే?"

అత్తమ్మ బురద కాళ్ళతో పెరటి దారిన వచ్చేసరికి 'పై' తయారైంది. అందరికీ ముక్కలు పెట్టాను. మామయ్య నమిలి, కళ్ళు మూసుకొని ఆలోచించి, "దగ్గు మందు లెక్కున్నది. గని మంచి దగ్గు మందు" అని రెండో ముక్క తీసుకున్నాడు. "మా 'పై' ఇలా ఉండదు. అయినా ఇంకో ముక్క ఇవ్వండి" అంది లిండా. అత్తమ్మ ప్లేటు పట్టుకొని, "బయట గాలికి కూసోని తింట" అంటూ పెరట్లోకి వెళ్ళి, కాసేపటికి ఖాళీ ప్లేటుతో ఇల్లు చుట్టి తలవాకిట్లోంచి వచ్చింది.

"మంచిగ జేసినవ్ బిడ్డా."

పొయ్యి నాదే! ఎగిరి గంతేద్దామనుకున్నాను. అదే క్షణాన అత్తమ్మ గుమ్మం దాటుతూ తలెత్తింది. ఖాళీ ఉట్టి గాలికి ఊగుతోంది.

"గుమ్మడికాయ ఏది?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడం సామెతని మీరనుకుంటారు. మా ఆయన నిజంగానే తడుముకున్నాడు. కాయ దించినప్పుడు రాలిన కుంకుమ చొక్కా భుజానికి అంటుకొని ఉంది మరి. అత్తమ్మ ఆయన భుజాన్ని చూసింది, లిండా ప్లేటును చూసింది, నన్ను చూసింది.

"ఓసి నా బిడ్డో! ఇంటికి తగిలిన దిష్టంత గుంజుకునే కాయనే అది! నరుని కంటికి నల్లరాయి పగుల్తదంటరు. ఇరుగుపొరుగోళ్ళ కండ్లన్నీ గీ పరాయి పిల్లతోని తినిపిస్తివా?"

నేను నోరు తెరిచేలోపే గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకొచ్చి లిండాను వాకిట్లో నిలబెట్టింది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అమెరిక దిష్టి, బాన్సువాడ దిష్టి, తూ తూ! ఉమ్మమని చెప్పు."

"ఉమ్మాలట" అన్నాను ఇంగ్లీషులో.

"ఎవరి మీద?" లిండా కంగారుగా అడిగింది.

విందు తరువాత అతిథికి ఇలా చేయడం మా పద్ధతని చెప్పాను. లిండా చేతులు జోడించి, "ఎంత బాగుంది! మేం అతిథులకు కాఫీ ఇచ్చి పంపించేస్తాం" అని బాధపడింది. మిరపకాయలు నిప్పుల్లో వేస్తే, గాలి అటు వీచిందో ఏమో, ఎవరికీ దగ్గు రాలేదు.

"సూసినవా? ఘాటు లేదు. ఎంత దిష్టి తిన్నదో పాపం!"

తరువాత మామయ్యకు తీసింది, రెండు ముక్కలు తిన్నందుకు రెండుసార్లు. మా ఆయనకు, నాకు కూడా అయింది. ఇక మిగిలింది అత్తమ్మ. ఇంట్లో ఆమెకంటే పెద్ద ఆడమనిషి లేదు. ఉప్పు, మిరపకాయలు నేనే తీసుకున్నాను. నిజం చెబుతున్నా, పొయ్యి పోతే పోయింది, నా వల్ల ఈమెకేమైనా అయితే ఎలా అని ఏడుపొచ్చింది. అత్తమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"నాకెందుకే? నేను తింటే గద!"

"మరి ప్లేటు ఖాళీ అయింది?"

"నీసు వాసన కొట్టింది, బర్రెకు పెట్టిన. గంత ఆశతోని నా మొఖం జూడవడ్తివి, బాగలేదని ఎట్ల చెప్పాలె? నడువ్, దానికి దియ్యి. తీసినంక అందరికి చాయ్ పెట్టు. పొయ్యి ఎట్లనో నీ చేతికొచ్చినట్టే ఉన్నది, ఇగ నువ్వే చూస్కో."

బీఎస్సీ చదివిన నేను కొట్టంలో నిలబడి, బర్రె చుట్టూ ఉప్పు, మిరపకాయలు మూడుసార్లు తిప్పాను. లిండా పక్కనుంచి ఫోటో తీసింది. గోమాత దొరకలేదు గనక ఆ మహిషమాత మీదే ప్రమాణం చేశాను: ఇంటికొచ్చింది అమెరికా వాళ్ళే కానీ, ఆకాశం నుంచి ఊడిపడ్డ వాళ్ళే కానీ, వాళ్ళ షరబత్‌కు ఒక్క నిమ్మకాయ తక్కువైనా సరే, ఈ జన్మలో గుమ్మం వైపు తలెత్తి చూడను.