తురాయి బెరడు, మామిడి బెరడు

2023 వేసవి. తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైగదిలో ఎంట్రన్సులకు రీజనింగ్ చెబుతున్నాను. కింద దోసె వేసినప్పుడల్లా పైన నా పాఠం ఒక నిమిషం ఆగుతుంది. దానికి నేను అలవాటుపడ్డాను గానీ, పిల్లలు నెసెసరీ అజంప్షన్ దగ్గర బోల్తా పడటానికి మాత్రం ఇప్పటికీ అలవాటుపడలేదు. నోటితో చెప్పకపోయినా, అది లేకపోతే వాదన నిలబడదనే మాటను అలా అంటారు. దాన్ని పట్టుకోవాలంటే నెగేషన్ టెస్ట్ చేయాలి. ఆ మాట నిజం కాదనుకుని చూడాలి. వాదన కూలితే అదే జవాబు.

నా దగ్గరికి వచ్చే స్వరూప పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో బాటనీ ఎమ్మెస్సీ చదివేది. పీహెచ్‌డీ రాతపరీక్ష ఎలాగో గట్టెక్కింది, ఇంటర్వ్యూ మిగిలింది. సీటు రాకపోతే హాస్టల్ ఖాళీ చేసి ఊళ్లో ప్రైవేటు బడిలో చేరాలని ఇంట్లో తేల్చి చెప్పేశారు. బంగారంలాంటి పిల్ల, కానీ ఆప్షన్లలో 'అస్సలు', 'ఎప్పుడూ' అంటూ గొంతు పెద్దది ఏదుంటే దానికే టిక్కు పెట్టేది. నాకు ఒళ్లు మండేది.

ఇంటర్వ్యూకి వారం ముందు క్యాంపస్‌లో నడుస్తూ తన ప్రాజెక్టు చెప్పింది. చెట్ల బెరడు మీద బూడిదరంగు మచ్చల్లా పెరిగే లైకెన్లు క్యాంపస్ లోపల ఎక్కువ, మెయిన్ రోడ్డు పక్కన తక్కువ. కాబట్టి బండ్ల పొగే వాటిని చంపుతోందట.

"దీని అజంప్షన్ ఏంటమ్మా?" అన్నాను.

"పొగ ఉన్నకాడ లైకెన్ అస్సలు బతకది మేడమ్."

"మళ్లీ పెద్ద గొంతుదే పట్టుకున్నావ్! పొగలో కూడా ఒకటీ అరా బతుకుతాయనుకో. నీ వాదన కూలిందా?"

"కూలలే" అంది.

"సరే, రెండుచోట్లా బెరడు ఒకేలాంటిది కాదనుకో."

స్వరూప నడక ఆగిపోయింది. "రోడ్డు మీదియి తురాయి చెట్లు మేడమ్. లోపటియి మామిడి. గా తేడా పొగది గాక బెరడుది గూడ కావొచ్చు!" కళ్లలో నీళ్లు తిరిగాయి. "వారమే ఉన్నది. ఇప్పుడు తప్పంటే నేనేం చూపెట్టాలె?"

"తప్పని ఎవరన్నారు? ఇంకా తేలలేదన్నాను. తార్నాకలో రోడ్డు పక్క ఇళ్లల్లో మామిడి చెట్లే లేవా?"

మర్నాటి నుంచి గేటు గేటుకీ తిరిగింది. ఒక పెద్దావిడ చీపురు పట్టుకునే బయటికొచ్చి, "ఏంది బిడ్డా, చెట్టు కొట్టనీకి వచ్చినవా?" అని నిలదీసిందట. లైకెన్ చూడటానికని తెలిశాక కుర్చీ వేసి నీళ్లిచ్చిందట. ఇంటర్వ్యూ ముందురోజు స్వరూప మెట్లెక్కి వచ్చింది, ముఖమంతా ఎండకు కమిలిపోయి. "మామిడికి మామిడి పెట్టి చూసిన మేడమ్. తేడా తగ్గింది. గానీ పోలే!"

ఇంటర్వ్యూలో ప్రాజెక్టు లోపమేంటని అడిగారట. తురాయి సంగతి తనే చెప్పి, మామిడి ఫలితం చూపించి, "గీ చెట్లకు నీళ్లు ఒక్కతీరుగ అందుతున్నయా అన్నది ఇంకా చూడాలె సార్" అందట. దాని మీదే పని చేయమని సీటిచ్చారు.

ఎదుటివాళ్ల వాదన కూల్చే విద్య నేర్పుతున్నానని ఇన్నేళ్లూ అనుకున్నాను. సొంత వాదన నిలబెట్టుకోవడానికి అదే విద్య పనికొస్తుందని స్వరూప చూపించింది. ఇప్పుడు కొత్త బ్యాచ్ వస్తే మొదటిరోజు పుస్తకం తెరవను. అందరినీ కిందికి తీసుకెళ్లి రోడ్డు పక్క తురాయి బెరడు ముట్టుకోమంటాను, తర్వాత ఆ పెద్దావిడ ఇంటి మామిడి బెరడు. ఆవిడ ఇప్పుడు చీపురు లేకుండానే గేటు తీస్తోంది.