వేలాడి చూసే మనిషి

వన్‌టౌన్‌లో మా పాత ఇంటి రాతిగోడలకు ఏది బిగించాలన్నా ఒక ముసలి ప్లంబరే వచ్చేవాడు. బిగించాక రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు పైకెత్తి వేలాడేవాడు. "నన్ను మోస్తే దేన్నైనా మోసుద్దండీ" అనేవాడు.

వాష్‌బేసిన్ పెట్టిన రోజు, "ఇక్కడ రాళ్ల మధ్య ఉత్త సున్నమేనండీ. జానెడు పక్కకి జరిపితే రాయి దొరుకుద్ది" అన్నాడు. సరిగ్గా అద్దం కిందే ఉండాలని పట్టుబట్టాను. బ్రాకెట్లు పట్టుకుని వేలాడబోతే, ఆఫీసుకు టైమైపోతోందని ఆపేశాను.

నెల తిరక్కుండానే కాలు జారిన అమ్మ ఆ బేసిన్‌నే పట్టుకుంది. అది ఊడి ఆమె మీదే పడింది. ఇక నడవలేదన్నారు డాక్టర్లు.

సంగతి తెలిసి ఆ ప్లంబర్ వచ్చాడు. గోడలో కన్నం తడిమితే సున్నం పొడిపొడిగా రాలింది. అమ్మ మంచం దగ్గర చేతులు కట్టుకుని, "తప్పు నాదేనమ్మా. ఆ రోజు నేను వేలాడలేదు" అన్నాడు.

"చేతగాకపోతే మానెయ్యాల్సింది" అని అమ్మ ఆయన్నే తిట్టింది.

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.