పదకొండో పేజీకి మైదాపిండి

కోస్గి అవతల ఒక హైస్కూల్లో ఏడేళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను. ఏటా అంటరానితనం పాఠం వచ్చేది. నాలుగు మార్కుల ప్రశ్న. అంటరానితనం నేరం, దాన్ని రాజ్యాంగం రద్దు చేసింది అని పిల్లలు గుండ్రంగా రాసేవారు, నేను ఎర్ర సిరాతో టిక్కులు కొట్టేవాణ్ణి. ఏడేళ్లలో ఒక్క తండ్రి కూడా వచ్చి ఇదేం పాఠమని అడగలేదు. ఎందుకు అడుగుతారు? ఆ పాఠంలో ఊరికి పేరు లేదు, మనిషికి మొహం లేదు. అలాంటి పాఠం ఎవరినీ ఏమీ అనదు.

రాష్ట్రం వచ్చిన నాలుగేళ్లకు అనుకుంటా, మా బడి తరఫున ఒక పత్రిక వేద్దామన్నారు. మన ఊరు, మన మాట అని అందరం ఊగిపోతున్న రోజులవి. మీ ఊరి గురించి మీ మాటల్లో రాయండి అని పిల్లలకు నేను ఉపన్యాసం దంచాను. వచ్చినవి చూస్తే ఏడుపొచ్చింది. అన్నీ గైడు చూసి ఎక్కించినవే. మా ఊళ్లో సెలయేళ్లు జలజలా పారుతున్నాయని ఇరవై మంది రాశారు. బోరు వేస్తే దుమ్ము తప్ప చుక్క నీరు రాని ఊరు అది.

తొమ్మిదో తరగతి పిల్ల ఒక్కతే వాళ్ల అవ్వ గురించి రాసింది. అవ్వ కలుపుకు పోయి వస్తూ బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్ తాగేది. వాళ్ల వాడకు వేరే గ్లాసు, చూరులో బోర్లించి ఉండేది. అవ్వే తీసుకుని, దూరం నుంచి పోయించుకుని, తాగి, కడిగి, మళ్లీ చూరులోనే పెట్టాలి. ఒకరోజు పెట్టేటప్పుడు తేలు కుట్టింది. మూడు రోజులు పడుకుని నాలుగో రోజు మళ్లీ అదే చూరులో చెయ్యి పెట్టింది. ఎందుకు పెట్టినవే అని తర్వాతెప్పుడో మనవరాలు అడిగితే, "చాయ్ మంచిగుంటది బిడ్డా" అందట.

చదివితే నాకు కళ్లు చెమర్చాయి. అంతకంటే ఎక్కువగా, ఇలాంటి పిల్లను తయారుచేసిన నా మీద నాకే ముద్దొచ్చింది. జడ్చర్లలో అచ్చు వేయించి, కట్టలు బస్సులో వేసుకుని, కాలర్ ఎగరేస్తూ తిరిగొచ్చాను. ఆ పిల్ల రాసింది పదకొండో పేజీ.

ఆ హోటల్ ఎవరిదో నా బుర్రకు తట్టనే లేదు. మా స్కూల్ కమిటీ చైర్మన్‌ది. చూరు గ్లాసుల కాలంలో వాళ్ల నాయిన నడిపాడు, ఇప్పుడు ఈయన. రెండో రోజే పత్రికను చుట్టచుట్టి పట్టుకుని వచ్చాడు. మా హెడ్మాస్టరు ఇన్‌స్పెక్షన్ వచ్చినట్టు లేచి నిలబడ్డాడు.

"సారూ, గిదేంది?" అన్నాడు చైర్మన్ నాతో. గొంతు పెంచలేదు. "ఇప్పుడు హోటల్ల అందరికీ కాగితం గ్లాసులే గద. కులమేడున్నది మా ఊర్లె? లేని దాన్ని మీరెందుకు లేపుతున్నరు?"

అందరికీ కాగితంవి కావు. ఆయన కులపువాళ్లకు స్టీలు గ్లాసు వస్తుంది. నాకూ స్టీలుదే వచ్చేది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. "పాఠంల గూడ గదే ఉన్నది గద" అన్నాను.

"పాఠంల ఉన్నది చెప్పుండ్రి, ఎవరు వద్దన్నరు? వేరే ఊర్లది ఎంతన్న చెప్పుండ్రి. మా ఊరిదెందుకు?" అని పత్రికను మళ్లీ చుట్టచుట్టి, "గీ పిల్ల తల్లే గద మన బడిల వంట చేసేది? వంటామెను మార్చుడు పెద్ద పని గాదు. నాకైతే గంత దూరం పోవాలని లేదు" అన్నాడు.

ఆమెకు పెనిమిటి లేడు. మధ్యాహ్న భోజనం వండే ఆ పని మీదే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది.

హెడ్మాస్టరు గొప్ప ఉపాయం చెప్పాడు. "చింపితే రేపు ఎవడన్న కేసంటడు. అతికిద్దాం. పదీ పదకొండూ కలిపి అతికిస్తే పేజీ ఉన్నట్టే ఉంటది, చదవరాదు." పదో పేజీలో ఫోటోతో సహా తన సందేశమే ఉందని ఆ తొందరలో ఆయనకు గుర్తు రాలేదు. నాకు గుర్తుంది. చెప్పలేదు.

అతికించే పని నాకే పడింది. మైదా ఉడికించి పంపమని హెడ్మాస్టరు వంటింటికి కబురు పెట్టాడు. బిడ్డ రాసిన పేజీ మూయడానికి తల్లితో జిగురు ఉడికించడమేంటని ఒళ్లు మండి అడిగాను. ఆయన నా వైపు వింతగా చూసి, "బడిల ఇంకో పొయ్యి ఏడున్నది?" అన్నాడు.

ఆమె వేడివేడి గిన్నె కొంగుతో పట్టుకుని వచ్చింది. "పోస్టర్లకా సారూ?" అని అడిగింది. అబద్ధం ఆడబుద్ధి కాలేదు. చైర్మన్ అన్నదంతా చెప్పాను. గిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు చదువు రాదు.

"మూసే ముందుగాల ఒక్కసారి సదివి చెప్పుండ్రి సారూ."

చదివాను. తేలు దగ్గర ఆమె నవ్వింది. "తేలు గాదు సారూ, జెర్రి. పోరికి సరిగ యాదికి లేదు." తర్వాత, "మీ దిక్కు ఎట్లుండె?" అని అడిగింది.

"మా దిక్కు గూడ గిట్లనే ఉండె" అని తల దించుకుని బ్రష్షు గిన్నెలో ముంచాను. దిక్కు అంటే ఎంత హాయి. అందులో ఎవరి ఇల్లూ కనబడదు.

"అతికియ్యుండ్రి సారూ" అంది లేస్తూ. "పోరి మల్ల రాసుకుంటది. నాకు వంట మల్ల దొరకది."

అన్నీ అతికించాను. అప్పటిదాకా ఆ పత్రికలో ఎవడి పేజీ వాడు తప్ప ఇంకొకడిది చదివిన పాపాన పోలేదు. వారం తిరిగేసరికి పిల్లలు ఉడుకుతున్న పప్పు గుండిగ మీద ఆవిరి పట్టి పదకొండో పేజీ విప్పుకుంటున్నారు. విప్పిన పేజీలు అప్పడాల్లా బిగుసుకుపోయి, చేతులు మారుతూ బడంతా తిరిగాయి. ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరు కూడా దొరికాడు, తన ఫోటో కోసం ఒక కాపీని మెల్లగా ఊడదీస్తూ. చైర్మన్‌కు పంపిన కాపీ మాత్రం గట్టిగానే అతుక్కుని ఉంది. వంటామె పనికి ఢోకా రాలేదు.

ఆ పిల్ల మాత్రం ఏ కాపీనీ ముట్టలేదు. కోపం చూపించలేదు, ఏమీ అడగలేదు. అంతకుముందు ప్రతిదానికీ చెయ్యెత్తేది, ఇప్పుడు ఎత్తడం మానేసింది. అతికించింది నేనని దానికి తెలుసు. క్లాసులో దాని బెంచీ వైపు చూడాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆ నెలలోనే అంటరానితనం పాఠం వచ్చింది. రెండు లైన్లు చదివి పుస్తకం మూసేశాను. వేరే ఊర్లది ఎంతన్నా చెప్పమన్నాడు కదా చైర్మన్. మా ఊరు నకిరేకల్ పక్కన. అక్కడ మా ఇల్లుంది.

మా ఇంటి పశువుల కొట్టం గోడకు ఒక గూడు, అందులో ఒక సత్తు గ్లాసు ఉండేదని చెప్పాను. దొడ్డి ఊడ్చే ఆమె వస్తే అమ్మ అందులో చాయ్ ఎత్తి పోసేదని చెప్పాను. నేనూ పోశానని చెప్పాను. ఒక్క చుక్క కింద పడకుండా, చేతికి చెయ్యి తగలకుండా పోస్తానని అమ్మ నన్ను మెచ్చుకునేది. ఆ గ్లాసుకు ఏ పక్క సొట్ట ఉందో కూడా చెప్పాను. ఇంత నిజం ఏ సారు చెబుతాడు అనిపించింది. మళ్లీ నా మీద నాకు ముద్దు రావడం మొదలైంది.

ఆ పిల్ల లేచింది. చేతిలో నోటుబుక్కు తెరిచి ఉంది. చాలా రోజులకు నా మొహంలోకి చూసింది.

"ఆమె పేరేంది సార్?"

ఇరవై ఏళ్లు మా దొడ్డి ఊడ్చిన మనిషి. నోరు తెరిచాను. ఆమె మొహం వచ్చింది, ఆమె చీపురు వచ్చింది, పేరు రాలేదు. మా ఇంట్లో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. నేనూ ఏనాడూ అడగలేదు.

"తెల్వదు" అన్నాను.

"సరే సార్" అని, రాసుకుందామని తీసిన పెన్నుకు మూత పెట్టి కూర్చుంది.