అక్క చెప్పే కొలతలు

మిషనమ్మ చచ్చిపోయిన అక్కకి బట్టలు కుడుతోందని వీధంతా అనుకున్నారు. మధ్యాహ్నం కొట్టు తలుపు ఓరగా వేసుకుని, సూది కింద గుడ్డముక్క లేకుండా గంటసేపు మిషను తొక్కడం ఎదుటి ఇస్త్రీ ఆయన కళ్ళారా చూశాడట. దారం కూడా లేదన్నాడు. సాయంత్రానికి ఆ కబురుకి కాళ్ళొచ్చాయి. మర్నాటికి దెయ్యం భుజం కొలత కూడా వీధికి తెలిసిపోయింది.

అక్క పోయి ఆరేళ్ళయింది. కుట్టుపని నేర్పింది ఆవిడే. ఆవిడ పోయిన రెండేళ్ళకి మిషనమ్మ చెవుల్లో గొంతులు మొదలయ్యాయి. కొన్ని తిట్టేవి. టీలో ఏదో కలిపారనేవి. గుండీలన్నీ విప్పి మళ్ళీ కుట్టమని పోరేవి. వాటి మధ్య ఎప్పుడో ఒకసారి అక్క పలికేది. "చంక దగ్గర ఇంకొంచెం వదులు, తల్లీ" అనేది. ఆ ఒక్క మాట కోసం మిగతా తిట్లన్నీ పడింది.

డాక్టరమ్మ ఆ జబ్బుకి స్కిజోఫ్రీనియా అని పేరు చెప్పి మాత్రలు రాసింది. నెలన్నరలో గొంతులు ఒక్కొక్కటే సన్నగిల్లి ఆగిపోయాయి. అక్క గొంతూ ఆగిపోయింది. చుట్టాలంతా ఒకే పూట వెళ్ళిపోయిన ఇల్లులా అయింది మిషనమ్మ తల.

"అక్క గొంతు ఒక్కటి ఉంచడం కుదరదా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మని.

డాక్టరమ్మ నవ్వలేదు. మెదడులో డోపమైన్ అనే పదార్థం ఉంటుందని, ఇది ముఖ్యం, దీన్ని పట్టించుకో అని మనకి తట్టేలా చేసేది అదేనని చెప్పింది. ఈ జబ్బులో అది మోతాదు మించి విడుదలవుతుందట. అప్పుడు మనలో పుట్టిన ఆలోచనే ఎవరో పిలిచినట్టు తగులుతుందట. మాత్ర చేసేదల్లా, డోపమైన్ వచ్చి వాలే చోట ముందుగా తాను కూర్చోవడం.

"దానికి మంచి గొంతు, చెడ్డ గొంతు తేడా తెలీదమ్మా," అంది.

మిషనమ్మ తల ఊపి ఇంటికొచ్చింది. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసి, సొరుగులో దారం చుట్టే బాబిన్ల కింద దాచడం మొదలుపెట్టింది. మూడు వారాలయ్యాక మొదట తిట్లొచ్చాయి. కంటి మీద కునుకు పోయింది. అయినా ఎదురుచూసింది. ఒక ఉదయం, ఎదిగే పిల్ల గౌను కోసం గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తెర పట్టుకునేసరికి అక్క వచ్చింది.

"గీత మీదే కొయ్యి. లోపల ఏమీ వదలకు," అంది ఆ గొంతు.

కత్తెర ఆగింది. అక్క బతికుండగా కుట్లలో రెండు వేళ్ళ గుడ్డ వదలకుండా ఏ బట్టా కోసి ఎరగదు. పిల్లలన్నాక ఎదుగుతారు, పెద్దలన్నాక ఒళ్ళు చేస్తారు, విప్పుకోవడానికి చోటుండాలి అనేది. గొంతు అక్కదే. మాట అక్కది కాదు.

మిషనమ్మ కత్తెర బల్ల మీద పెట్టి, లోపలికెళ్ళి తమ్ముడి భార్యకి అంతా చెప్పింది. ఆ పిల్ల తిట్టలేదు. సొరుగు లాగి చూసి, చెప్పులేసుకుంది.

"పద వదినా, డాక్టరమ్మ దగ్గరికి. బాబిన్లకి ఈపాటికి నయమై ఉంటుంది. ఇక నీ వంతు."

ఈసారి మాత్ర కాస్త ఎక్కువ మోతాదులో పడింది. మళ్ళీ నిశ్శబ్దం. దానితోపాటు కాళ్ళు కుదురు తప్పాయి. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి. ఒంటి కదలికలు నడిపే చోట కూడా డోపమైన్ పనుంటుందని, మాత్ర అక్కడా అడ్డుపడితే ఇలా అవుతుందని చెప్పి డాక్టరమ్మ మోతాదు తగ్గించింది. సర్దుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చంది.

ఆ కొన్ని వారాలూ మధ్యాహ్నాలు మిషను తొక్కితే కాళ్ళకి కాస్త ఊరటగా ఉండేది. తొక్కుతూ ఊరికే ఉండలేక చెవి ఒగ్గేది మిషనమ్మ. పెడల్ కిర్రుమనడం తప్ప ఏమీ వినిపించేది కాదు. కాసేపయ్యాక, బల్ల మీది గుడ్డపై గీసిన సుద్దగీత పక్కన తన రెండు వేళ్ళూ ఆనించి చూసుకునేది.

ఇస్త్రీ ఆయన చూసింది ఇదే. తొక్కడానికి కూర్చునే ముందు ఆమె ప్రతిసారీ సూదిని ఆడించే బెల్టుని చక్రం మీంచి తీసేసేది. ఆ గంటసేపూ సూది కదలనే లేదు.