ముడి కనబడని చెయ్యి

2021, ఏప్రిల్ నెలాఖరు, బుధవారం. నీళ్లు వచ్చాయి, రెండు డ్రమ్ములూ నింపాను. పొయ్యి గట్టు కడిగాను. గోధుమలు ఏరాను, గిర్నీ మూసి ఉండడం వల్ల పిండి పట్టించలేదు. మా ఆయన బట్టలు వేడినీళ్లలో నానబెట్టి వేరుగా ఉతికాను. ఆసుపత్రికి పంపవలసిన జావ కాచి డబ్బాలో పోశాను. మూత బిగిస్తుండగా ఫోను వచ్చింది. మా ఆడబిడ్డ పొద్దున ఆరున్నరకు పోయిందట.

చేసిన పనులు రోజూ ఒక పుస్తకంలో రాసుకోవడం పెళ్లయిన నాటి నుంచి నాకు అలవాటు. అయిన పనికి ఎదురుగా టిక్కు పెడతాను. ఆ రోజు జావకు ఎదురుగా ఏం పెట్టాలో తోచలేదు. కాచడం అయింది, పంపడం కాలేదు. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఆమె మా ఆయనకు అక్క, నాకు వదిన. యాభై మూడేళ్లు. భర్త పోయాక, పిల్లలు లేని మనిషి, ఊళ్లో ఒంటరిగా ఉండలేక పదకొండేళ్ల కిందట సూరత్‌లో మా దగ్గరికి వచ్చింది. కోసాడ్ కాలనీలో మాది మూడో అంతస్తు. వంటింటి గడప దగ్గర వెలుతురు పడే చోట ఆమె పీట ఉండేది. చీరల మూటలు ఇంటికి తెప్పించుకుని, వెనకవైపు వేలాడే దారాలు కత్తెరతో కత్తిరించేది. మా బ్లాకులో ఆడవాళ్లందరం చేసే పని అదే. చీర నేసేది మగవాళ్లు, తోకలు కత్తిరించేది మేము.

కత్తిరిస్తూ ఆమె ఒక సంగతి చెప్పేది. నాకు చాలాసార్లు చెప్పింది. ఊళ్లో వాళ్ల నాన్నది చేమగ్గం. ఆ ఇంట్లో ఆడపిల్లలు కండెలు చుట్టాలి, మగపిల్లలు మగ్గం గుంటలో దిగాలి. నాన్న అంగడికి పోయిన ఒక పూట, పదకొండేళ్ల ఈ పిల్ల గుంటలో దిగి నాలుగు వేళ్ల మేర నేసింది. ఆయన వచ్చి గుడ్డ మీద అరచెయ్యి ఆనించాడు. చూడనైనా చూడలేదు, తడిమితేనే తెలిసిపోయింది. కొట్టలేదు. "ఒక్క చీరెల రెండు చేతులుంటె అది చీరె గాదు బిడ్డా" అని, నేసిన పోగులన్నీ ఆమె చేతనే ఒక్కొక్కటీ తీయించాడట.

"నెయ్యనీకి గంట పట్టింది, తియ్యనీకి పొద్దుగూకింది" అనేది. "నాయన మంచోడే మరదలా. గని నా చెయ్యి ఎట్ల పడ్తదో నాకు తెల్వకనే పోతనేమో."

ఆ మాటకు నేను జవాబు చెప్పేదాన్ని కాదు. పప్పు కడుగుతూనో, పుస్తకంలో రాసుకుంటూనో ఊఁ కొట్టేదాన్ని.

2020 వేసవిలో సాంచెలు ఆగిపోయాయి. కరెంటు మగ్గాలను మావాళ్లు సాంచెలు అంటారు. అవి వరుసగా నడిచే షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. ఖాతాలకు తాళాలు పడ్డాయి. పనివాళ్లు కాలినడకన కొందరు, రైళ్లు వదిలాక కొందరు వెళ్లిపోయారు. మా బ్లాకులో పద్నాలుగు కుటుంబాలకు ఐదు మిగిలాయి. ఎదురింటివాళ్లు వెళ్తూ వెళ్తూ తులసి కుండీ నాకు అప్పగించారు. వాళ్లాయన దారిలోనే పోయాడని తరువాత తెలిసింది. కుండీకి నీళ్లు పోస్తూనే ఉన్నాను, ఇంటివాళ్లు మళ్లీ రాలేదు.

ఆషాఢంలో ఖాతాలు మెల్లగా తెరిచారు గాని నడిపే మనుషులు లేరు. మా ఆయన సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణంలో పార్సిళ్లు కడతాడు. ఆ దుకాణానికి గుడ్డ పంపే సేఠ్ ఒకాయన ఆయనకు ఫోను చేసి, మీ తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే పంపమని అడిగాడు. మా ఆయన అన్నం ముందు కూర్చుని ఆ మాట చెబుతున్నాడు. మా ఆడబిడ్డ కత్తెర కింద పెట్టింది.

"నేనొస్త తమ్మీ."

ఆయన నవ్వాడు. "ఏడికి?"

"సాంచెల మీదికి."

"అక్కా, నీకేమన్న దిమాక్ కరాబయిందా? ఆడోళ్లు నిలవడ్తరా ఆడ? పన్నెండు గంటల డ్యూటీ."

"ఇంట్ల పద్నాలుగు గంటలు నిలవడ్డప్పుడు అడిగినవా?"

"గది చేమగ్గం గాదు. నీ చెయ్యి, నా చెయ్యి అంటె నడవది. నేసేది కరెంటు."

"తెగిన పోగుకు ముడేసేది గూడ కరెంటేనా?" అంది. "నాయన నేర్పినోడు పార్సిళ్లు కడ్తుండు. నేర్పనిదాన్ని నన్నొక్కపారి పోనియ్యి."

ఆయన ముఖం మాడిపోయింది. నా వైపు చూశాడు, నేను వద్దంటానని. ఇంట్లో నేను వద్దన్నది సాధారణంగా జరగదు. రోగం ఇంకా పోలేదని, ఖాతాలో కిటికీలు ఉండవని నాకు తెలుసు. అయినా, "తీసుకపో" అన్నాను.

ఆ ఒక్క మాటే. ఈ స్మృతి రాయడానికి కూర్చున్నదీ ఆ మాట కోసమే.

మొదటి వారం కాళ్లు వాచి వచ్చేది. గోరువెచ్చని ఉప్పునీళ్ల బకెట్టులో పాదాలు పెట్టించేదాన్ని. చెవుల్లో హోరు తగ్గేది కాదు. రెండు సాంచెలు ఇచ్చారు. పోగు తెగింది గమనించక మూర గుడ్డ పాడుచేసి ఖాతా పెత్తనం చూసే మెహతాజీ చేత తిట్లు తిన్నది. ఆ రోజు అన్నం సగంలో వదిలేసి, "పోగు తెగుడు తప్పు గాదు మరదలా, చూడకుంట పోవుడు తప్పు" అంది. దసరా నాటికి ఆరు సాంచెలు ఆమె చేతికి వచ్చాయి. ఎలా పట్టుబడిందని అడిగితే, "సాంచె ఆగితె భయపడద్దు, సప్పుడు మారితె భయపడాలె" అనేది.

ఖాతా నుంచి ఒక వింత అలవాటు కూడా ఇంటికి తెచ్చింది. ఆ హోరులో గొంతు వినబడదు. అక్కడ అందరూ పెదవుల కదలిక చూసి, చేతుల సైగలు చూసి మాట్లాడుకుంటారు. మా ఆడబిడ్డ ఇంట్లో కూడా గొంతు లేకుండా మూతి ఆడించడం మొదలుపెట్టింది.

"గట్ల ఉత్తగ మూతి ఆడిస్తె నాకేం సమజైతది వదినా? ఉప్పు అంటున్నవా, పప్పు అంటున్నవా?"

"చల్ల అంటున్న. ఇన్నేండ్లు గొంతుతోని చెప్తె మాత్రం నువ్వు ఇన్నవా?" అని నవ్వేది.

దీపావళి ముందు ఒకనాడు జేబురుమాలంత గుడ్డముక్క తెచ్చి నా ఒళ్లో పడేసింది. నేసిన తానులను వెలుతురు ముందు పరిచి తప్పులు పట్టే మనిషి ఆ రోజు ఆమెతో గొడవపడ్డాడట, నీ తానులో ముడులు కనబడడం లేదు, తెగిన పోగులు వదిలేస్తున్నావా అని. కత్తిరించి పారేసే అంచు ముక్క ఇది.

"దొరకవట్టు చూస్త. పదకొండున్నయి."

నేను కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర వెతికితే మూడు దొరికాయి. మా ఆయన అందుకున్నాడు. కళ్లతో చూడలేదు. గుడ్డను మోకాలి మీద పరిచి అరచెయ్యి ఆనించి మెల్లగా జరిపాడు. వాళ్ల నాన్న అలాగే చేసేవాడట. చాలాసేపు తడిమాడు.

"రెండే తలుగుతున్నయి" అన్నాడు. తరువాత, "ఇది నాయన చెయ్యి గాదక్కా" అన్నాడు.

"మరెవలిది?"

"నీదే."

ఆమె లేచింది. లోపలికి పోయి ముఖం కడుక్కుని వచ్చింది. ఆ రాత్రి మూడు రొట్టెలు ఎక్కువ తిన్నది.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం ముగ్గురం సముద్రం చూడడానికి డుమస్ వెళ్లాం. టమాటా భజియాలు వేడిగా తిని మూతి కాల్చుకున్నాం. ఆమె సముద్రం ముందు నిలబడి చాలాసేపు చెవి ఒగ్గి విన్నది. "ఎవడు నడుపుతుండో గని తమ్మీ, ఒక్క పోగు తెగుతలేదు" అంది. రోగం అయిపోయిందనుకున్నాం. అందరూ అలాగే అనుకున్నారు.

మార్చి చివర మళ్లీ మొదలైంది. మాస్కు లేకుండా ఖాతాలోకి రానివ్వలేదు. నేనే గుడ్డతో ఆరు మాస్కులు కుట్టి, రోజుకొకటి ఉడకబెట్టి ఇచ్చేదాన్ని. నా పుస్తకంలో అది కూడా ఉంది, టిక్కులతో సహా. కాని ఒక సంగతి నాకు తట్టలేదు. పెదవులు చూసి మాట్లాడుకునే చోట మాస్కు పెట్టుకుంటే మాట ఎలా? ఏదైనా చెప్పాలంటే మాస్కు గడ్డం కిందికి లాగాలి. ఎదుటివాడు జవాబు చెప్పాలంటే అతడూ లాగాలి. మాట్లాడనప్పుడు పెట్టుకుని, మాట్లాడేటప్పుడు తీసేవారు. అంత దగ్గరగా, ముఖంలో ముఖం పెట్టి. ఆ వరుసలో ఏడుగురు జ్వరపడ్డారు.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. ఏడో రోజు వార్డులో పనిచేసే ఒకామె జాలిపడి తన ఫోనులో చూపించింది. ముఖమంతా ఆక్సిజన్ మాస్కే. మాట లేదు. నన్ను చూసి చెయ్యి ఎత్తింది. రెండు వేళ్లు కంటి కింద ఆనించి, తరువాత అరచేతిని తిప్పి బోర్లించి, ఆగి, మళ్లీ అలాగే చేసింది. నాకు తెలియలేదు. "కండ్లు కనబడ్తలేవా వదినా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపి మళ్లీ చేసింది. పోతున్నాను, చూసుకో అంటున్నదేమో అనిపించింది. నాకు ఏడుపు ఆగక ఫోను మా ఆయన చేతిలో పెట్టేశాను. ఆయన తీసుకునేలోగా లైను పోయింది.

మా నేతవాళ్ల ఇళ్లలో ఎవరైనా పోతే ఒంటి మీద కొత్త బట్ట కప్పి పంపుతాం. ఎంత లేనివాళ్లయినా అది తప్పదు. ఆమెను ప్లాస్టిక్ సంచిలో జిప్పు వేసి తెచ్చారు. మా ఆయన కొత్త చీర చంకలో పెట్టుకుని స్మశానం గేటు బయట నాలుగు గంటలు వరుసలో నిలబడ్డాడు. సంచి మీద కప్పుతానన్నా ఒప్పుకోలేదు. చీర చంకలోనే తిరిగి వచ్చింది. స్నానం చేసి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని ఒకే మాట అన్నాడు.

"నువ్వే అంటివి గదనే, తీసుకపో అని."

మళ్లీ ఎప్పుడూ అనలేదు. అనవలసిన అవసరం లేదు.

మూడు వారాల తరువాత, ఆమె సామాను తీసుకుపొమ్మని ఖాతా నుంచి కబురు వచ్చింది. ఆ గడప తొక్కనన్నాడు ఆయన. నేను వెళ్లాను. సామాను అంటే ఒక జత చెప్పులు, నీళ్ల సీసా, పోగు లాగే చిన్న కొక్కెం. అప్పగించింది ఆమె పక్క సాంచెలు నడిపే ఒడియా ఆయన. నా ఈడువాడే. రోగం తగిలి లేచినవాడు, మెట్టు దిగితే ఆయాసపడుతున్నాడు. హోరు వినబడని చోటికి, గేటు బయటికి తీసుకువచ్చాడు.

"ఆప్ దీదీ కీ భాభీ?" అన్నాడు, అక్క మరదలు మీరేనా అని. అవునన్నాను. దీదీ ఎప్పుడూ మీ మాటే చెప్పేది, ఇక్కడికి పంపింది మా మరదలే అని అందరికీ చెప్పుకునేది అన్నాడు.

చెప్పులు, సీసా పక్కన పెట్టాను. మెట్టు మీద కూర్చున్నాను. కాస్త తేరుకున్నాక ఆ సైగ చేసి చూపించాను. రెండు వేళ్లు కంటి కింద, తరువాత అరచెయ్యి బోర్లించి. దీని అర్థం ఏమిటని అడిగాను.

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నీళ్లు తాగడానికి పోయేటప్పుడు పక్కవాళ్లకు చేసే సైగ అట అది. నా సాంచెలు చూస్తుండు, ఇప్పుడే వస్తా అని. చూసినవాళ్లు గుండె మీద చెయ్యి పెట్టి చూపాలి. నేనున్నాను, పో అని. ఆ జవాబు వచ్చేదాకా సాంచెలు వదిలి పోకూడదు.

ఆమె రెండుసార్లు కాదు, మూడుసార్లు చేసింది. నేను ఫోను చేతులు మార్చాను.

దీనితో నేనన్న మాట బరువు తగ్గిందని చెప్పను. ఖాతాకు పోకపోతే ఆమె ఈ రోజు గడప దగ్గర పీట మీద ఉండేది. కాని ఆఖరి రోజుల్లో ఆమె మనసు ఆ పీట దగ్గర లేదు. ఆ ఆరు సాంచెల దగ్గర ఉంది.

వాటిని ఒకసారి చూస్తానన్నాను. లోపలికి తీసుకువెళ్లాడు. నేల అదురుతోంది. ఆరింటికీ ఇంకా మనిషి దొరకలేదట, తనవాటితో పాటు ఆయనే చూస్తున్నాడు. కాసేపటికి దగ్గు వచ్చింది. తన నీళ్ల సీసా ఖాళీ. నా వైపు తిరిగి, రెండు వేళ్లు కంటి కింద ఆనించి అరచెయ్యి బోర్లించాడు.

నేను గుండె మీద చెయ్యి పెట్టాను. ఆయన వెళ్లాడు.

ఆరు సాంచెల ముందు నిలబడ్డాను. ఏం చూడాలో తెలియక అన్నీ చూశాను. ఎడమవైపు మూడోదాని చప్పుడు మారింది, తరువాత ఆగింది. వంగి చూస్తే ఒక పోగు తెగి ఉంది. నాకు ముడి వేయడం రాదు. తెగిన కొస లోపలికి జారిపోకుండా రెండు వేళ్లతో పట్టుకుని, ఆయన వచ్చేదాకా కదలకుండా అలాగే నిలబడ్డాను.

ఇంటికి వచ్చి పుస్తకంలో రాసుకున్నాను: వదినకు ఇవ్వవలసిన జవాబు, ఇచ్చాను. బాకీ లేదు.